పటాన్‌చెరులో లోకల్ భోజనం ఎక్కడ దొరుకుతుంది?

ఈ మధ్య మా ఆఫీసుకి జర్మనీ నుంచి ఒకాయన వచ్చాడు. మా క్లయింటు తాలూకు మనిషి, వారం రోజుల పని. మొదటి మూడు రోజుల్లో గచ్చిబౌలిలో బిర్యానీ, మాదాపూర్‌లో "సంప్రదాయ" థాలీ, ఆఫీసు క్యాంటీన్లో పులిహోర అన్నీ అయిపోయాయి. నాలుగో రోజు లంచ్ దగ్గర నన్ను పట్టుకున్నాడు. "నువ్వు ఇక్కడివాడివేనట కదా, మీ ఊళ్ళో మామూలు మనుషులు రోజూ తినేది, ఎక్కువ ఖర్చు కానిది, ఎక్కడ దొరుకుతుంది?" అని.

చాలా మామూలు ప్రశ్న. టూరిస్టన్నవాడు ప్రతివాడూ అడిగేదే. గోవా పోయినా, కాశీ పోయినా మనమూ ఆటోవాణ్ణి అడిగేది ఇదే కదా. నేను నోరు తెరిచి, జవాబు దొరక్క మళ్ళీ మూసుకున్నాను.

మాది పటాన్‌చెరు. బొంబాయి రోడ్డు మీద, హైదరాబాద్ నడిబొడ్డు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు గానీ, మా ఇంట్లో ఇప్పటికీ "పట్నం పోయొస్త" అనే అంటారు. రోడ్డు మీద నిలబడితే లారీలు, కంపెనీ బస్సులు, దూరంగా ఫ్యాక్టరీ గొట్టాలు. ఇక తిండి అంటారా.. ఇడ్లీ దోసె బండ్లు, ఆంధ్రా మెస్సులు, బిర్యానీ సెంటర్లు, ఇరానీ చాయ్, లారీల వాళ్ళకోసం పంజాబీ దాబాలు, నూడిల్స్ బండ్లు. వీటిలో ఒక్కటి కూడా పటాన్‌చెరుది కాదు. అన్నీ ఎక్కడెక్కడినుంచో ఈ రోడ్డు మోసుకొచ్చినవే.

మరి పటాన్‌చెరుది ఏది? అది నాకు తెలుసు. జొన్నరొట్టె. కానీ ఆయన అడిగినప్పుడు నా నోట్లోంచి ఆ మాట రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి పోవాలి, కొంచెం మా ఇంట్లోకి కూడా పోవాలి.

ముందు చరిత్ర. తక్కువ ధరకి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని వెతుక్కునే టూరిస్టు తెలుగులో కొత్తవాడేం కాదు. సుమారు ఆరువందల ఏళ్ళనాటి వినుకొండ వల్లభరాయుడి "క్రీడాభిరామం" చూడండి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు చూడటానికి వస్తారు. పొద్దుటినుంచి ఊరంతా తిరుగుతారు. వీధులు, గుళ్ళు, కోడిపందాలు, అన్నీ చూస్తారు. మధ్యలో ఆకలేస్తుంది. పూటకూళ్ళ ఇంటికి పోతారు. ఒక్క పద్యంలో కవి ఆ భోజనం మొత్తం చెప్పేస్తాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఎవరింట్లో అంటే లక్ష్మణవజ్ఝల వారి ఇంట్లో. ఎంతకంటే ఒక రూకకి. హోటల్ పేరు, మెనూ, రేటు మూడూ ఉన్నాయి. ఇప్పటి రెస్టారెంట్ రివ్యూల్లో ఇంతకంటే ఏముంటుంది చెప్పండి :)

సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వచ్చిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ఇలాంటి కావ్యాలన్నీ తిరగేసి మనవాళ్ళు ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో, ఏ ఆటలాడారో ఏరి పెట్టారు. రాజుల యుద్ధాలు కాకుండా మనుషుల బతుకు చరిత్ర కావాలనుకునేవాళ్ళు తప్పక చదవాల్సిన పుస్తకం. నేను ఇంజనీరింగ్ అయిపోయాక చదివాను. సిలబస్‌లో ఉంటే చదివేవాణ్ణి కాదేమో.

ఆ రూక భోజనాన్ని ఇంకోసారి చూడండి. సన్నబియ్యం, గోధుమ, పంచదార, ఆవునెయ్యి. ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో దున్నేవాడు రోజూ తినే కూడు అదేనా? నేనైతే నమ్మను. మెట్ట పొలాల్లో పండే జొన్న, సజ్జ, కొర్ర ఆ పద్యంలో ఎక్కడా లేవు. అంటే డబ్బిచ్చి తినేవాడికి పెట్టే భోజనం, ఊరివాడు తినే భోజనం అప్పుడే వేరు.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో ఎవరు పడితే వాళ్ళు కూర్చుని తినగలిగేవారా? పాతకాలంలో ప్రయాణం చేసేవాడికి భోజనం కంటే ముందు వచ్చే ప్రశ్న కులం. ఎవరి చేతి వంట ఎవరు తినాలి, ఏ పంక్తిలో కూర్చోవాలి, అసలు గడప తొక్కొచ్చా లేదా. అన్నసత్రాలు ఉండేవి, నిజమే, కానీ చాలావాటిలో అన్నం ఎవరికోసమో ముందే రాసిపెట్టి ఉండేది. అందుకే కలిగినవాళ్ళు ఊరి తిండి జోలికే పోయేవారు కాదు. సామాను కొనుక్కుని, తమవాళ్ళ చేత వండించుకునేవారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో బయల్దేరి, కడప, శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా కాశీ పోయి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన రాసిన "కాశీయాత్ర చరిత్ర"లో మజిలీ మజిలీకీ చూసుకునేది ఒకటే. ఇక్కడ నీళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, కావలసిన సామాన్లు దొరుకుతాయా. ఈ ఊరి వంట ఎలా ఉంటుందో రుచి చూద్దాం అన్నది ఆ కాలపు యాత్రికుడి కోరిక కాదు.

మా రోడ్డు సంగతీ అంతే. గోల్కొండ నుంచి బీదరు పోయే దారి ఇటువైపే. పటాన్‌చెరు అంతకు ముందు నుంచే పెద్ద ఊరు. దీని పాతపేరు పొట్లచెరువు అనీ, కల్యాణి చాళుక్యుల కాలంలో ఇక్కడ జైనులు బాగా ఉండేవారనీ చరిత్రకారులు చెబుతారు. ఇదే రోడ్డు హైదరాబాద్‌కి తూర్పున హయత్‌నగర్ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. 17వ శతాబ్దంలో హయత్ బక్షీ బేగం పేరు మీద మసీదు, సరాయి కట్టింది ఆ హయత్‌నగర్‌లోనే. సరాయిలో మామూలుగా దొరికేది గది, నీళ్ళు, గుర్రానికి చోటు. పొయ్యి ఎవరిది వాళ్ళే వెలిగించుకోవాలి.

ఎవరైనా సరే, ఏ కులమైనా సరే, డబ్బులిచ్చి కూర్చుని తినొచ్చు అన్న మాట మన దేశంలో చట్టంగా వచ్చింది 1950 జనవరి 26న, రాజ్యాంగంతో పాటు. 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు అని పేరుపేరునా రాశారు. హోటల్ అన్నమాట రాజ్యాంగంలోకి ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో ఆలోచిస్తే, "పాతకాలపు అసలైన ఆతిథ్యం" అని మనం మురిసిపోయేది ఎంతమందికి అందేదో అర్థమవుతుంది.

సరే, జొన్న దగ్గరికొద్దాం. ఊరి తిండి తినక తప్పని పరిస్థితిలో పడ్డ టూరిస్టు తెలుగులో ఒకాయన ఉన్నాడు. శ్రీనాథుడు. (క్రీడాభిరామం కూడా ఆయనదే అని వాదించిన పండితులున్నారు, అది వేరే గొడవ.) కొండవీటి రెడ్ల దగ్గర భోగం అనుభవించిన మనిషి పల్నాడు పోయాడు. అక్కడ వరి లేదు, జొన్నే. ఆయనవని చెప్పుకునే చాటువుల్లో ఆ కోపమంతా కనిపిస్తుంది. ఒకదాంట్లో అయితే ఏకంగా కృష్ణుడికే సవాలు విసురుతాడు. పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు అని గొప్పలు పోవడం కాదయ్యా, చింతచిగురేసి ఉడికించిన బచ్చలికూరతో ఒక్క ముద్ద జొన్నకూడు మింగి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా నీ గొప్ప అని.

కాలేజీలో తెలుగు మాస్టారు ఈ పద్యం చదివినప్పుడు క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఎందుకంటే ఆ పొద్దున నేను తిని వచ్చింది జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. ఆ విషయం పక్కవాడికి తెలియకూడదు కదా.

పల్నాడు మాకు చాలా దూరం, కృష్ణ అవతల. కానీ వాన మీద బతికే నేల ఎక్కడైనా జొన్న నేలే. మా నాయినది నారాయణఖేడ్ దగ్గర పల్లె. అక్కడ యాసంగి జొన్నకి నీళ్ళు పెట్టేదే లేదు. వానాకాలం తడిని నల్లరేగడి పట్టి ఉంచుకుంటుంది, ఆ తడి మీదా మంచు మీదా చేను పండుతుంది. పక్కన శనగ, కుసుమ. ఇంట్లో పొద్దున రొట్టె, ఎండాకాలం అంబలి, తీరిక లేని రోజు గటక. నంజుకి ఎల్లిపాయ కారమో, పుంటికూరో, పచ్చిపులుసో. వరన్నం అంటే పండగ, లేదంటే చుట్టాలు.

రొట్టె చేయడం చూశారా ఎప్పుడైనా? గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో ఉండదు. అందుకని మరిగే నీళ్ళు పోసి కలపాలి, వేడి మీదే మెదపాలి, కర్రతో కాకుండా అరచేత్తో కొట్టి తిప్పాలి. పెంక మీద వేశాక పైన తడి చెయ్యి రాయాలి. పిండి పాతబడితే విరిగిపోతుంది. చల్లారితే గట్టిపడుతుంది. అంటే ఒకళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చేసి వడ్డించాలి. వరన్నం అలా కాదు, ఒక్క గుండిగలో వందమందికి వండి పెట్టొచ్చు. హోటల్‌వాడికి ఏది లాభమో లెక్క వేయడానికి మనలాంటి ఇంజనీర్లు అక్కర్లేదు. జొన్న మన హోటళ్ళలో ఎక్కకపోవడానికి నామోషీ ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా ఉంది.

ఇక మా ఊళ్ళోకి ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయో చెప్పాలి. 1960ల్లో పక్కన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. మెదక్ వెనకబడిన జిల్లా కాబట్టి ఇక్కడ పరిశ్రమ పెడితే రాయితీలు, హైదరాబాదేమో కూతవేటు దూరం. ఇంకేం కావాలి? పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం అన్నీ నిండిపోయాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీ అయ్యాక ఆ జోరు ఇంకా పెరిగింది.

ఈ ఇక్రిశాట్ సంగతి చూడండి. వానాధారపు నేలల పంటల మీద ప్రపంచం మొత్తానికీ పరిశోధన చేసే సంస్థ. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వాళ్ళ ముఖ్యమైన పంటలు. ఎర్రనేల, నల్లనేల రెండూ ఒకే చోట ఉన్న జాగా అది. వాళ్ళ విత్తన భాండాగారంలో లక్షా ఇరవైవేలకు పైగా రకాలు చల్లగా దాచిపెట్టి ఉన్నాయి. జొన్న పుట్టిందేమో ఆఫ్రికాలో, మనదగ్గరికి వచ్చి కొన్ని వేల ఏళ్ళయింది, ప్రపంచమంతటా పండే జొన్నల విత్తనాలు ఇప్పుడు మా ఊళ్ళో ఉన్నాయి. ఆ గేటు బయటకొచ్చి రోడ్డు మీద హోటళ్ళలో "జొన్నరొట్టె ఉందా?" అని అడిగితే, నా చిన్నప్పుడు అయితే మిమ్మల్ని ఎగాదిగా చూసేవాళ్ళు.

మా నాయిన 1984లో ఊరు విడిచి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో చేరాడు. మూడు షిఫ్టులు. మా అమ్మ ఇంట్లో రొట్టెలే చేసేది, కానీ నాయిన డ్యూటీ డబ్బాలో మాత్రం అన్నమే పెట్టాలి. ఒకసారి బియ్యం అయిపోయి అమ్మ రొట్టె పెట్టి పంపితే, డబ్బా మూత తీయకుండా అలాగే తిరిగి తెచ్చాడు. "రొట్టె ఇంట్ల తినేటిది, అన్నం నలుగుట్ల తినేటిది" అన్నాడు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు. ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందంటే, తొమ్మిదో క్లాసులో బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ నుంచి స్నేహితుడొకడు మా ఇంటికి వస్తే, రొట్టె కొడుతున్న మా అమ్మని లోపలికి పొమ్మన్నాను. ఆమె పిండి చేతులతోనే లేచి పోయింది. ఏమీ అనలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఇక్కడ రాయను. 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆ బియ్యం ఎన్ని లక్షల ఇళ్ళల్లో ఆకలి తీర్చిందో చెప్పక్కర్లేదు. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు, నాకైతే అసలు లేదు. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. మెట్టపల్లెల్లో పండగనాటి తిండి రోజువారీ తిండి అయింది. రోజువారీ తిండి పశువుల దాణా అయింది. కాలువ కింది జిల్లాల్లో పండిన బియ్యం రెండు రూపాయలకి గడపలోకి వస్తుంటే, ఎండలో జొన్న కోసి, కొట్టి, విసురుకుని, రొట్టె కొట్టుకునేది ఎవరు? ఇది మన రాష్ట్రం ఒక్కదాని సంగతి కాదు. 1960ల్లో దేశంలో కోటీ డెబ్భై లక్షల హెక్టార్లకు పైగా జొన్న వేసేవారు. ఇప్పుడు యాభై లక్షలు కూడా లేదు.

మా పటాన్‌చెరు చుట్టుపక్కల మరో దెబ్బ కూడా పడింది. ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, చెరువుల్లోకి చేరింది. పొలాలు పోయాయి, బావులు పోయాయి. 1990లో కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు మా దగ్గరి ఉమ్మడి మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటకొచ్చే నీటిని పరీక్షించి అచ్చువేసిన వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందట. మనం జ్వరానికి మింగే యాంటీబయాటిక్ అది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. "మీ నేలలో పండిందే పెట్టండి" అని అడిగే టూరిస్టుకి ఈ సంగతి ఎలా చెప్పాలి?

కానీ ఇదే రోడ్డు మీద ఇంకా ముందుకు, జహీరాబాద్ వైపు పోతే కథ వేరేలా నడిచింది. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. అది మొదలైంది కూడా 1983లోనే. పి.వి. సతీష్ గారు 2023లో చనిపోయేదాకా దాన్ని నడిపించారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది ఊళ్ళల్లో ఎకరమో రెండెకరాలో పడావు భూమి ఉన్న దళిత ఆడవాళ్ళు. ఆ భూముల్ని బాగుచేసుకుని జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి వేశారు. విత్తనం ఇంట్లోనే దాచారు. వచ్చిన జొన్నల్ని ఊళ్ళోని పేదలకే తక్కువ ధరకి ఇచ్చే సొంత రేషన్ పెట్టుకున్నారు. సర్కారు రేషన్ అంటే బియ్యమే అని అందరూ ఒప్పేసుకున్న కాలంలో, "మా రేషన్ మా జొన్న" అనడం చిన్న విషయం కాదు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. ఏటా సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాతపంటల జాతర చేస్తారు. జహీరాబాద్‌లో చిరుధాన్యాల హోటల్ కూడా నడిపారు.

ఆ తర్వాతిది మీకు తెలిసిందే. 2023ని ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. "శ్రీ అన్న" అని పేరు పెట్టారు. జొన్నరొట్టె మాదాపూర్ మెనూల్లోకి ఎక్కింది. ఇటు 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఓరుగల్లులో రూక పెట్టి తిన్న సన్నన్నం ఇప్పుడు పేదవాడికి ఊరికే వస్తోంది. శ్రీనాథుడు ఛీకొట్టిన జొన్నకూడు ఉన్నవాడు కొనుక్కుని తింటున్నాడు. ఆరువందల ఏళ్ళలో తిరగబడ్డది రుచి కాదు, రేటు.

సరే, ఆ జర్మనీ ఆయన్ని ఏం చేశానో చెప్పలేదు కదా. శనివారం కార్లో ఎక్కించుకుని పటాన్‌చెరు తీసుకొచ్చాను. మధ్యాహ్నం ఇస్నాపూర్ దగ్గర కార్మికులు తినే ఒక చిన్న మెస్సుకి పోయాం. రోటీ, ఆలూ కూర, పప్పు, అన్నం. నడిపేది బీహార్ కుర్రాడు. తినేవాళ్ళు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వాళ్ళు. "ఇది మీ లోకల్ భోజనమేనా?" అన్నాడాయన. ఏమని చెప్పను? పాశమైలారంలో 2025 జూన్ 30న మందుల ఫ్యాక్టరీ పేలిపోయి డజన్ల మంది చనిపోయినప్పుడు, పేపర్లో వాళ్ళ ఊళ్ళ పేర్లు చదివాం. ఎక్కువ భాగం ఇవే రాష్ట్రాలు. ఇక్కడ పనిచేసి, ఇక్కడే తిని, ఇక్కడే చచ్చిపోయేవాడు లోకల్ కాదంటే ఇంకెవడు లోకల్? "అవును, లోకలే" అన్నాను.

సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెల బండి దగ్గర ఆపాను. ఇప్పుడు ఇవి హైదరాబాద్ చుట్టూ ఎక్కడపడితే అక్కడ కనిపిస్తున్నాయి. పొయ్యి, పెంక, పిండి బేసిను, రెండు రకాల కూర. నలభై ఏళ్ళావిడ చకచకా రొట్టె కొడుతోంది. చుట్టూ పార్శిల్ కోసం నిలబడ్డవాళ్ళంతా నాలాంటి ఐడీ కార్డు బాపతు, లేదంటే షుగర్ ఉన్న పెద్దవాళ్ళు. రొట్టె 20 రూపాయలు. ఆయన మూడు తిన్నాడు, ఎల్లిపాయ కారం నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. ఫోటోలు తీశాడు. వెతుక్కుంటున్నది దొరికిందన్న సంతోషం ఆయన ముఖంలో.

నేను ఊరికే ఉండలేక ఆమెను అడిగాను. "అక్కా, రాత్రికి మీరు ఏం తింటరు?"

"అన్నమే సారూ. రేషన్ల సన్నబియ్యం వస్తున్నయి గద. పొద్దుమూకి రొట్టెలు గొట్టి గొట్టి మల్ల రొట్టె మొకం సూడబుద్ధి గాదు" అంది నవ్వుతూ.

ఆయన ఏమందని అడిగాడు. అనువాదం చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను తిన్నది ఎవరి భోజనం?" అన్నాడు. మంచి ప్రశ్న. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

"కన్యాశుల్కం"లో పూటకూళ్ళమ్మ గుర్తుందా? విజయనగరంలో మెస్సు నడిపే విధవ. మనందరికీ ఆవిడ గిరీశం వెంట చీపురు పట్టుకుని తిరిగినందుకే గుర్తు. కానీ ఆలోచించండి, వేరే ఆధారం లేని ఆడమనిషి తన చేతి వంటతో పరాయివాళ్ళ ఆకలి తీర్చి బతకడం అనేది ఆ నాటకం నుంచి ఈ రొట్టెల బండి దాకా ఒక్కలాగే ఉంది. వంటకాలు మారాయి, రేట్లు మారాయి, తినేవాడు మారాడు. పొయ్యి దగ్గర కూర్చునే మనిషి మారలేదు. "అసలైన" భోజనం అని మనం వెతికేటప్పుడు పళ్ళెం వైపే చూస్తాం, పొయ్యి వైపు చూడం.

ఆ రాత్రి నాలుగు రొట్టెలు పార్శిల్ కట్టించుకుని ఇంటికి తీసుకుపోయాను. మా నాయినకు రెండేళ్ళ కింద షుగర్ వచ్చింది. డాక్టరు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు. ఆయన వినడు. "రొట్టె తినుడు ఇడిసిపెట్టనీకే గద నేను పట్నం దిక్కొచ్చింది. నలభై ఏండ్లు డ్యూటీ జేసి మల్ల రొట్టెకే రావాల్నా?" అంటాడు. డాక్టరుకి అది డైట్. మా నాయినకి అది ఓడిపోవడం. ఈ మాట ఏ చిరుధాన్యాల సంవత్సరం పోస్టర్ మీదా ఉండదు.

పార్శిల్ విప్పి ముందు పెట్టాను. తుంచి చూశాడు. "పిండి పాతది" అన్నాడు. అయినా ఒకటి తిన్నాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "బండి మీది రొట్టె పైసలిచ్చి తెస్తివా, నన్ను అడిగితే నేను జేసియ్యనా?" అంది. తొమ్మిదో క్లాసు సంగతి ఆమెకు గుర్తుందో లేదో నేను ఇప్పటిదాకా అడగలేదు. మర్నాడు పొద్దున పిండి తెచ్చి ఇచ్చాను, ఆమె చేసింది, హాల్లోనే కూర్చుని ముగ్గురం తిన్నాం. నాయిన మాత్రం ఒక రొట్టె అయ్యాక కాస్త అన్నం పెట్టించుకున్నాడు.

కాబట్టి ప్రయాణాల్లో చవగ్గా, ఊరి భోజనం కావాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే. "ఇది అసలైనదేనా?" అని అడగకండి, ఆ ప్రశ్నకి ప్రతి హోటల్‌వాడూ అవుననే చెబుతాడు. వండేవాళ్ళని "మీరేం తింటారు?" అని అడగండి. వాళ్ళు చెప్పేది మీరు ఊహించినంత గొప్పగా ఉండకపోవచ్చు, ఫోటోకి కూడా పనికిరాకపోవచ్చు. కానీ ఆ ఊరి చరిత్ర ఆ జవాబులోనే ఉంటుంది. కుదిరితే అదే పెట్టమని అడిగి తినండి.

మీ ఊళ్ళో ఎవరైనా ఇలా అడిగితే మీరు ఎక్కడికి తీసుకుపోతారు? నాలాగే ఒక్క క్షణం నోరు మూతపడితే, ఎందుకు పడిందో మాత్రం ఒకసారి ఆలోచించండి.